ముందు మజిలీ కట్టండి

కారవాన్లు వస్తున్నాయంటే నాకు సంతోషమే. ఇన్నాళ్లూ షూటింగుల దగ్గర హీరోల కోసం ఆగి ఉండగా చూసిన బండిలో మామూలు కుటుంబాలు పిల్లాజెల్లాతో ఊళ్లు చుట్టి రావడం మంచిదే కదా. కేంద్రం 2009లోనే దీనికో విధానం రాసింది. కేరళ 2021లో మొదలుపెట్టి, మరుసటి ఏడాదికే వాగమన్‌లో పార్కు తెరిచింది. ఇప్పుడు మన రాష్ట్రంలోనూ అరకు, గండికోట, సూర్యలంక పేర్లు వినిపిస్తున్నాయి. అందరూ బండి గురించే మాట్లాడుతున్నారు. అది ఎక్కడ ఆగాలో ఒక్కరూ చెప్పడం లేదు. ఈ వారం నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది అదే.

మొన్న నెల్లూరు జిల్లా సంగం సెంటర్లో ఒక వ్యాను ఆగింది. హైదరాబాదు కుటుంబం. మైపాడులో సముద్రం చూసి, జొన్నవాడలో కామాక్షమ్మ దర్శనం చేసుకుని, ఉదయగిరి దుర్గం చూద్దామని బయల్దేరారు. బండిలో పడకలు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్జు అన్నీ ఉన్నాయి. ట్యాంకులో నీళ్లు మాత్రం అయిపోయాయి. డెబ్బై దాటిన పెద్దావిడ మోకాళ్లు పట్టుకుని మెట్టు దిగి, టీ కొట్టాయన్ని గొంతు తగ్గించి అడిగింది. ఆయన అటూ ఇటూ చూసి ఎదురింటి వైపు చెయ్యి చూపించాడు. ఆ ఇంటి ఇల్లాలు, “రా పెద్దమ్మా, దానికేముంది” అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. మోటారు వేసి ట్యాంకు నింపించింది. డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు. ఆ తల్లికి చేతులెత్తి మొక్కుతాను. అయితే ఒక రాష్ట్రం తన పర్యాటకాన్ని ఎదురింటి ఇల్లాలి మంచితనం మీద నడపకూడదు.

పోనీ చూడదగ్గ దారి కాదా అంటే, ఇంతకు మించిన దారి నెల్లూరు జిల్లాలో లేదు. పొద్దున మైపాడులో ఉప్పుగాలి. పెన్న వంతెన దాటి బొంబాయి రోడ్డు పట్టుకుంటే బుచ్చిరెడ్డిపాళెం దాకా కాలవలు, వరి మళ్లు. సంగంలో ఏటి ఒడ్డున సంగమేశ్వరుడు, బ్రిటిషువాళ్ల నాటి ఆనకట్ట, 2022 సెప్టెంబరులో ప్రారంభమైన కొత్త బ్యారేజీ. ఆత్మకూరు దాటితే మెట్ట నేల, రాతి గుట్టలు. ఒక పక్క 78 టీఎంసీల సోమశిల. ఇంకో పక్క అనుమసముద్రంపేట దర్గా, అక్కడ హిందువులూ ముస్లింలూ కలిసే రాత్రి నిద్ర చేస్తారు. చివర ఉదయగిరి కొండ. 1514లో ఆ దుర్గాన్ని గెలిచిన కృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తరలించి గుడి కట్టించాడు. ఇంత చరిత్ర ఒక్కరోజు దారిలో దొరుకుతుంటే, రాత్రి బండి నిలిపి నిశ్చింతగా పడుకునే చోటు ఒక్కటి చూపించలేకపోతున్నాం.

మజిలీల గురించి నేను ఎప్పుడు రాసినా ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొస్తాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న పల్లకీలు, డేరాలు, దాదాపు వందమంది పరివారంతో కాశీకి బయల్దేరాడు. పదిహేను నెలలు దాటాక, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఇల్లునే వెంటేసుకుని తిరగడం మనకు కొత్త కాదనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తెరిచి చూడండి. ఏ ఊళ్లో దుకాణాలున్నాయి, బావి నీళ్లెలా ఉన్నాయి, దిగడానికి సత్రముందా, చెట్ల నీడ ఉందా అని మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయాడు. తన వెనక వచ్చేవాడికి అక్కరకొస్తుందని రాశాడు. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత మన పర్యాటక కరపత్రాల్లో సీట్లెన్ని, ఏసీ ఉందా, టీవీ ఎంత పెద్దది అన్న వివరాలే కనబడుతున్నాయి.

పెట్రోలు బంకులో మంచినీళ్లు, గాలి, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలని ఆయిల్ కంపెనీల నిబంధనలే చెబుతున్నాయి. ఆ ఒక్క నిబంధనను తాళం చెవితో సహా అమలు చేయించినా సగం కష్టం తీరుతుంది. తీరేది కారవాన్లో వచ్చేవాళ్ల కష్టం ఒక్కటే కాదు. కృష్ణపట్నం రేవు నుంచి రాత్రంతా నడిపే లారీ డ్రైవరుకూ, ఉదయగిరి బస్సు కోసం గంటలు నిలబడే ఆడపిల్లకూ అదే దొడ్డి, అదే కుళాయి. పొద్దున ఇంటి దగ్గర గ్లాసుడు నీళ్లు కూడా తాగకుండా బస్సెక్కే ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో ఏ మంత్రినైనా తన ఇంట్లోవాళ్లను అడగమనండి.

చెట్ల మాట కూడా ఎత్తకుండా ఉండలేను. రోడ్లు వెడల్పు చేస్తూ, తాతలనాటి చింతచెట్లను నరికేశారు. వాటి బదులు నడిమధ్యలో గన్నేరు, కాగితంపూలు పెట్టారు. అవి కంటికి బాగుంటాయి, మనిషికి నీడనివ్వవు. రోహిణి కార్తెలో నెల్లూరు జిల్లా ఎండ ఎరిగినవాళ్లెవరూ ఆ పని చేయరు. నరికిన ప్రతి చింతకూ రోడ్డు పక్కన వేపో రావో నాటి, పెరిగి నిలబడేదాకా నీళ్లు పోసే బాధ్యత కాంట్రాక్టరు మీదే పెట్టాలి.

ఇక ఊరికేం మిగులుతుంది? ఉదయగిరిలో అడవి కర్రతో చెంచాలు, గరిటెలు చేసేవాళ్లున్నారు. సన్నటి కాడ మీద నగిషీ చెక్కి, గరుకు పోయేదాకా రుద్ది చేతికిస్తారు. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా కొనేవాడు ఊళ్లో ఓ పూట నిలవాలి కదా! బండి ఆగితేనే బేరం. ఆగాలంటే చోటుండాలి.

అందుకని ప్రభుత్వానికి ఒకటే చెబుతున్నా. బండ్లు కొనేవాళ్లకు రాయితీలు తర్వాత ఇద్దురుగాని. ముందు సంగంలో, ఆత్మకూరులో, ఉదయగిరిలో తలా ఓ ఎకరం తీసుకుని నీళ్లు, దీపాలు, శుభ్రమైన దొడ్లు, రాత్రి కాపలా, నాలుగు చెట్లు పెట్టండి. వాటిని ఊడ్చి కడిగే మనిషికి నెలనెలా సరైన జీతమివ్వండి. ఒంటరిగా వచ్చిన ఆడమనిషి అక్కడ భయం లేకుండా తెల్లవార్లూ నిద్రపోగలిగిన నాడు పర్యాటకం వచ్చిందని ప్రకటించుకోండి, నేనూ చప్పట్లు కొడతాను.