వంశవృక్షం వేళ్ళ కింద

మా యింటిపేరు వాళ్ళందరూ మైపాడు సముద్రపు వొడ్డున రెండవసారి సమావేశమవుతున్నారనీ, యేడు తరాల వంశవృక్షాన్ని పుస్తకంగా వేస్తున్నారనీ, దానికి నేను ముందుమాట రాయవలసిందనీ కబురు వచ్చింది. రాయనన్నాను. కారణాలు యింట్లో చెప్పి వూరుకుంటే చాలదు. యీ జబ్బు మా వొక్క కుటుంబానిదే కాదు. విదేశాల్లో నాలుగు డబ్బులు సంపాదించిన బిడ్డలున్న ప్రతి యింటిపేరుకూ యిప్పుడొక వంశవృక్షం మొలుస్తున్నది. చెట్టు కింద విందు, విందు తర్వాత ఫోటో. ఆ ఫోటోలో లేనివాళ్ళ గురించే నా వాదన.

మొదట మాట సంగతి చూద్దాం. దూరపు అన్నదమ్ములను తెలుగులో దాయాదులంటాం. దాయమంటే పంచుకోవలసిన ఆస్తి. అందులో భాగానికి వచ్చేవాడు దాయాది. రక్తబంధం నుంచి పుట్టిన మాట కాదిది, పొలం గట్టు మీద పుట్టిన మాట. అందుకే దాయాది అనగానే మనకు ప్రేమ స్ఫురించదు, పోరు స్ఫురిస్తుంది. వంశవృక్షమూ అంతే. పంపకాల దావాలో ప్లీడరు కోర్టులో దాఖలు చేసే కాగితమది. మా తాతలు ఆ కాగితం పట్టుకుని రెండు తరాలు కోర్టు మెట్లరగదీశారు. మనవలు అదే కాగితానికి పటం కట్టి దండ వేస్తున్నారు. మధ్యలో హృదయాలు మారాయనుకుంటే పొరపాటు. పొలాలు చేతులు మారాయి. 1990 తర్వాత కొంత రొయ్యల గుంటలైంది, మిగిలింది ముక్కలు ముక్కలుగా అమ్ముడైంది. పంచుకోవడానికి యేమీ మిగలలేదు కనుక ప్రేమ మిగిలింది.

"మనిషి తన మూలం తెలుసుకోవాలనుకోవడం తప్పా?" అని మిత్రులు అడుగుతారు. తప్పు కాదు. 1860లో మద్రాసు రేవు నుంచి మొదటి కూలీల వోడ నాటాలుకు వెళ్ళింది. 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులను అలా తరలించారు. వోడల జాబితాల్లో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, వూరు రాసుకున్నారు. మనిషి మీద ప్రేమతో కాదు, సరుకు లెక్క తప్పకుండా. యీనాడు వాళ్ళ మునిమనవలు ఆ జాబితా పట్టుకుని వూరు వెదుక్కుంటూ వస్తే వాళ్ళను నేను చేతులెత్తి ఆహ్వానిస్తాను. దోచుకున్నవాడు తుడిచేసిన జ్ఞాపకాన్ని వాళ్ళు తిరిగి సంపాదించుకుంటున్నారు. మనం చేస్తున్నది అది కాదు. మనల్ని యెవరూ తుడిచెయ్యలేదు. తుడిచే గుడ్డ మన చేతిలోనే వున్నది.

మా పరిశోధకులు తిరగేసిన కాగితాలేమిటి? కరణం లెక్కలు, అడంగళ్ళు, రిజిస్టరయిన దస్తావేజులు, 1905లో బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి మూడు సంపుటాలుగా ప్రచురించిన నెల్లూరు జిల్లా శాసనాలు. అన్నీ విలువైనవే. కాని వాటిలో భూమి యిచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, అమ్మినవాడు, కొన్నవాడు వుంటారు. దున్నినవాడు కనిపించడం అరుదు. 1984లో కరణీకాలు రద్దయ్యాయి గాని, కరణం చూపు మా వంశవృక్షంలో చెక్కు చెదరకుండా వున్నది.

ఆడవాళ్ళ గతి యేమిటి? కూతురు పెళ్ళితో కొమ్మ తెగిపోతుంది. కోడలు "భార్య" అన్న రెండక్షరాలుగా మిగులుతుంది. మన రాష్ట్ర చట్టం 1985లోనూ, దేశమంతటికీ వర్తించే సవరణ 2005లోనూ కూతురికి వుమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు యిచ్చాయి. అసెంబ్లీ వొప్పుకున్నదాన్ని, పార్లమెంటు వొప్పుకున్నదాన్ని మా వంశవృక్షం యింకా వొప్పుకోలేదు.

నిరుడు జరిగిన మొదటి సమ్మేళనంలో వొక సంగతి చూశాను. మూడవ తరంలో వొక ముత్తవ్వ పేరు దొరకలేదు. గడి ఖాళీగా వున్నది. వంట దగ్గర గిన్నెలు తోముతున్న యానాది ముసలమ్మ మా మాటలు విని, "మాయమ్మ చెప్పేది నాయనా, ఆయమ్మ పేరు నాకు తెలుసు" అని పేరు చెప్పింది. ఆమె పుట్టిన వూరూ చెప్పింది. ముసలమ్మ తల్లి ఆ యింట్లోనే పని చేసిందట. పరిశోధకులు సంతోషించి గడి నింపుకున్నారు. అయితే, "మీ అమ్మ పేరేమిటి?" అని ఆ ముసలమ్మను మాలో యెవ్వరమూ అడగలేదు. నేనూ అడగలేదు. ముందుమాట రాయలేకపోవడానికి అసలు కారణం అదే.

పేదలకు రిజిస్టర్లు లేవనుకోవద్దు. వున్నాయి, పోలీసు ఠాణాలో. 1911 నేరస్థ తెగల చట్టం కింద మన జిల్లాలో యెరుకల వారి పేర్లు, వేలిముద్రలు యెక్కించారు. కావలిలో అమెరికను బాప్టిస్టు మిషను నడిపిన సెటిల్మెంటులో కుటుంబాలకు కుటుంబాలను వుంచారు. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో గాని, దేశమంతటా 1952లో గాని రద్దు కాలేదు. వొక తాతకు దస్తావేజు, మరొక తాతకు వేలిముద్ర. వొకే జిల్లా, వొకే కాలం.

వంశగౌరవం మాట యెత్తేవారికి మన జిల్లాలోని వంశకథే వొకటి గుర్తు చేస్తాను. "వెలుగోటివారి వంశావళి"ని నేలటూరి వెంకటరమణయ్య గారు పరిష్కరించగా మద్రాసు విశ్వవిద్యాలయం 1939లో అచ్చువేసింది. ఆ వెంకటగిరి ప్రభువుల మూలపురుషుడు చెవిరెడ్డి. అతను పొలం దున్నుతుంటే నిధి దొరికిందనీ, నిధి నరబలి కోరిందనీ, అతని దగ్గర పనిచేసే మాల రేచడు తానే బలి అయ్యాడనీ, తన పేరు ఆ వంశానికి నిలవాలని అడిగాడనీ, అందుకే వారిది రేచర్ల గోత్రమయిందనీ కథ. నిజానిజాలు చరిత్రకారులు తేలుస్తారు. కాని కథ చెప్పినవాడు వొక సత్యం దాచలేకపోయాడు: సంపద కింద పనివాడి శవమున్నది. మా పుస్తకానికి ఆపాటి నిజాయితీ కూడా లేదు.

యీ తీరానే, అలగానిపాడులో 1913లో పుట్టిన సుందరయ్య గారు పేరు చివరి రెడ్డిని తీసేశారు. సొంత వూళ్ళోనే వ్యవసాయ కూలీలను సంఘంగా నిలబెట్టారు. భార్య లీలగారితో కలిసి పిల్లలు వద్దనుకున్నారు. వంశవృక్షం లెక్కన ఆ కొమ్మ అక్కడ ఆగింది. ఆయనకు వారసులు లేరని యీ జిల్లాలో యే కూలీ అయినా అంటాడా?

కనుక మా వాళ్ళకు నా జవాబు యిది. కూతుళ్ళ కొమ్మలు తిరిగి అతికించండి. మా పొలాల్లో, మా యిళ్ళల్లో తరతరాలుగా పనిచేసిన కుటుంబాలను అడిగి, వారు వొప్పుకుంటే, వాళ్ళ పేర్లు అదే పుస్తకంలో, అదే అక్షరాలతో అచ్చువెయ్యండి. పంపకాల దావాలతో పాటు యెవరికి కూలి యెగవేశామో, యెవరి కౌలు వూడగొట్టామో రాయండి. అప్పుడు ముందుమాట రాస్తాను.

చదువుతున్న విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ వొక మనవి. యీ సెలవుల్లో మీ వూరు వెళ్ళినప్పుడు మీ తాత పేరు వెదకవద్దు. అది కరణం రాసే వుంటాడు. మీ తాత పాలేరు పేరు అడగండి. చెప్పగల ముసలివాళ్ళు యింకా నలుగురైదుగురు మిగిలి వున్నారు. మైపాడు వెళ్ళి ఆ ముసలమ్మ తల్లి పేరు అడిగి రాసుకోవలసిన పని నాకూ వున్నది.