పందిపిల్ల పొట్ట, మన చదువు

ఈ సంచికకు పందిపిల్లల అజీర్తి గురించి రాస్తానంటే హాస్టల్ మిత్రులు పడీపడీ నవ్వారు. నవ్వండి గానీ, ఒక్క నిమిషం వినండి.

తల్లిపాలు మాన్పించిన కొద్ది రోజులకే పందిపిల్ల పొట్ట చెడుతుంది. చిన్నపేగులోని చూషకాలు కురచబడతాయి. ఈ. కోలై విజృంభిస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. దీనికి విరుగుడని దాణాలో యాంటీబయాటిక్ కలపడం అలవాటైంది. అలా మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగి మనదాకా వస్తాయి. ఎదుగుదల కోసం ఈ మందులు కలపడాన్ని స్వీడన్ 1986లో, యూరోపియన్ యూనియన్ 2006లో నిషేధించాయి. పశువులకు కొలిస్టిన్ వాడకాన్ని మన దేశం 2019లో నిషేధించింది. మనిషికి వేరే మందులు పనిచేయనప్పుడు ఆఖరున ఇచ్చే మందు అది.

మరి రైతు ఏం కలపాలి? మన ఇళ్లలో కడుపునొప్పి అంటే వాము నమలమంటారు. వాము నూనెలో ముఖ్య పదార్థం థైమాల్. పందిపిల్లల దాణాలో శాస్త్రజ్ఞులు పరీక్షించిన మొక్కల సారాల్లో అదీ ఒకటి. ఫలితాలు మాత్రం ఒక్క తీరుగా లేవు. కొన్ని పరీక్షల్లో మేలు కనిపించింది, కొన్నింటిలో తేడాయే లేదు. మోతాదు మించితే ఘాటుకు పిల్ల దాణా ముట్టకపోవచ్చు కూడా.

అమ్మమ్మ వైద్యమని కొట్టిపారేయడం ఎంత తప్పో, ప్రకృతిసిద్ధమని కళ్లు మూసుకుని నమ్మడమూ అంతే తప్పని నా అభిప్రాయం. తూచి చూడాలి. త్రాసూ, సూక్ష్మదర్శినీ మన ల్యాబులోనే ఉన్నాయి. మనం చూడకపోతే, మా నాన్నలాంటి రైతు సంచి మీది ఆకు బొమ్మ చూసి, అప్పు చేసి మరీ కొంటాడు.