కదిపితే చిట్లుతుందేమో!

కాలిన గాయం మానుతున్న మనిషికి మనవాళ్ళు చెప్పే మొదటి మాట "కదలకు". రెండోది "నీకేం కావాలన్నా మేం చేస్తాం కదా". రెండూ ప్రేమతో చెప్పేవే. కానీ కాలిన గాయాల విషయంలో ఈ ప్రేమ కాస్త ప్రమాదకరం అని నా అభిప్రాయం.

ఎందుకంటే, మానిన చోట వచ్చే కొత్త మచ్చ ఊరికే ఉండదు. నెలల తరబడి లోపలికి లాక్కుంటూనే ఉంటుంది. మోచెయ్యి మడిచి పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, ఆ మడతలోనే బిగుసుకుపోతుంది. మెడ ముందు భాగం కాలితే తలకింద దిండు వద్దంటారు. చంకలో కాలితే చేతిని ఒంటికి దూరంగా చాపి ఉంచమంటారు. అంటే ఎలా ఉంటే సుఖంగా ఉంటుందో సరిగ్గా అదే కూడదన్నమాట! బాగా ముదిరితే మళ్ళీ ఆపరేషనే.

మా పిన్నికి రెండేళ్ళ క్రితం మరుగుతున్న నూనె పడి కుడిచెయ్యి కాలింది. పుండు మానింది, కానీ వేళ్ళు మడవమంటే మడవదు. "చర్మం పటుక్కున చిట్లుతుందిరా" అనేది. చూడ్డానికీ అలాగే ఉండేది, పల్చగా, మెరుస్తూ, బిగుతుగా. కట్టు మార్చిన ప్రతిసారీ నరకం చూసిన మనిషి, ఆ చెయ్యి ఎవర్నైనా ముట్టుకోనిస్తుందా? ఇంట్లోవాళ్ళేమో "ధైర్యంగా ఉండాలి" అని ఒకటే క్లాసులు. డిశ్చార్జి కాగితంలో మందులు ఎనిమిది లైన్లు, చివర్లో "ఫిజియో" అని ఒక్క ముక్క. రోజుకెన్నిసార్లు, ఏ నొప్పికి ఆపాలి, ఏ నొప్పికి భయపడక్కర్లేదు... ఏమీ లేదు. డాక్యుమెంటేషన్ లేని కోడ్ చేతిలో పెట్టి మెయింటెయిన్ చేసుకోమన్నట్టు!

చివరికి ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి కూర్చోబెట్టి చెప్పింది: "సాగుతున్నట్టు, లాగుతున్నట్టు ఉంటే ఫరవాలేదు ఆంటీ. ఎప్పుడు ఆపాలో మీరే చెప్పండి, ఆపేస్తాను." అంతే. ఆ కంట్రోలు తన చేతికొచ్చాకే పిన్ని వేళ్ళు కదిలాయి.

ఈ భయానికి పేరుంది, కైనీసియోఫోబియా. దీన్ని కొలవడానికి 17 ప్రశ్నల టాంపా స్కేల్ కూడా ఉంది. నొప్పి వల్ల భయం, భయం వల్ల కదలకపోవడం, దానివల్ల బిగుసుకోవడం, ఆపైన కదిపితే ఇంకా నొప్పి. అచ్చమైన ఇన్ఫినిట్ లూప్. "ధైర్యంగా ఉండు" అన్నంత మాత్రాన ఇది బ్రేక్ అవ్వదు.

మన ఫీల్డ్ వాళ్ళకి నచ్చే సంగతి ఒకటి. సియాటిల్ లో వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ కాలిన రోగుల కోసమే "స్నోవరల్డ్" అనే వర్చువల్ రియాలిటీ గేమ్ తయారుచేయించారు. కట్లు మారుస్తున్నప్పుడు, కీళ్ళు సాగదీస్తున్నప్పుడు రోగి మంచులోయలో మంచుబంతులు విసురుతుంటాడు. ధ్యాస అటు పోతే నొప్పి తక్కువ తెలుస్తుంది. మా పిన్నికి ఆ పని టీవీ సీరియల్ చేసింది, అత్తగారి మీద కోపమంతా చపాతీ పిండి మీద చూపించేది :)

ఒక్కమాట, కొత్తగా చర్మం అతికించినప్పుడు కొన్నాళ్ళు కదపకూడదు, ఎప్పట్నుంచి కదపాలో డాక్టరే చెప్పాలి. నేను అడిగేదీ అదే, చెప్పమనే. మనదేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఓ మోస్తరుగానో తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇంటికి పంపేముందు "కదపాలంటే భయంగా ఉందా?" అని ఒక ప్రశ్న, ఏం చెయ్యాలో బొమ్మలతో తెలుగులో ఒక పేజీ. ప్రింటు ఖర్చు రూపాయో, రెండో.