ఇది ఎట్లా పనిచేస్తుంది? – కారు ముక్కులో వేడి తీగ

పిల్లలూ! చలికాలంలో పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు వస్తాయి. వాటిని చూడటానికి మీరు కారెక్కి సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట దారిన పోతున్నారనుకోండి. దారికి రెండు పక్కలా నీళ్ళు. ఉన్నట్టుండి కారు దగ్గు వచ్చినదానిలాగా కుదుపులు పడుతుంది. నాన్నగారు ఎంత తొక్కినా వేగం అందుకోదు. పెట్రోలు నిండుగానే ఉన్నది. మరి దానికేమి వచ్చింది?

కారుకు తిండి ఉన్నది కాని, ఊపిరి లెక్క తప్పింది!

పెట్రోలు ఒంటరిగా మండదు. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. ఇంజను ఎంత గాలి పీలిస్తే, దానికి తగిన పెట్రోలే అందులో పడాలి. కాని గాలిని తూచటం ఎట్లా? తక్కెడలో వెయ్యలేము గదా!

దానికొక ఉపాయం ఉన్నది. వేడి పాలను మెల్లగా ఊదితే ఆలస్యంగా, గట్టిగా ఊదితే త్వరగా చల్లారుతాయి. చాలా కార్లలో గాలిగొట్టంలో ఒక సన్నని తీగ కరెంటుతో వేడెక్కి ఉంటుంది. పోయే గాలి దాన్ని చల్లబరుస్తుంది. ఆ వేడి తగ్గకుండా ఉంచటానికి ఎంత కరెంటు పట్టిందో చూస్తే, ఎంత గాలి పోయిందో తెలుస్తుంది. ఇదే ఎయిర్ ఫ్లో సెన్సర్. కారులోని చిన్న కంప్యూటరు ఈ లెక్క చూసి పెట్రోలు కొలుస్తుంది. కొన్ని కార్లలో దీనికి బదులు గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్ ఉంటుంది.

వేసవిలో పులికాట్ చాలా మేర ఎండి, దుమ్ము లేస్తుంది. గాలి ఫిల్టరు చిరిగినా, సరిగా కూర్చోకపోయినా ఆ దుమ్ము తీగకు పట్టుకుంటుంది. కంబళి కప్పుకున్నవాడికి చలి తెలియదు. దుమ్ము కప్పుకున్న తీగకు గాలి తెలియదు. "కొంచెమే వచ్చింది" అని తప్పు చెబుతుంది. పెట్రోలు చాలక ఇంజను కుదుపులు పడుతుంది.

అయితే వెంటనే కొత్త సెన్సర్ కొనెయ్యాలా? తొందరపడరాదు. దాని ఖరీదు వేల రూపాయల్లో ఉండవచ్చు. తెలిసిన మెకానిక్ ముందు ఫిల్టరు చూస్తాడు. సెన్సర్ దాటిన తరవాత గొట్టం పగిలిందేమో చూస్తాడు. అక్కడ లెక్కకు రాని గాలి చొరబడితే కూడా ఇదే జబ్బు కనిపిస్తుంది. తరవాత వైరు బిగువు చూసి, స్కానర్ తగిలిస్తాడు. ఇంజను వేగం పెంచగానే గాలి అంకె కూడా చప్పున పెరగాలి. పెరగకపోతే సెన్సర్‌ను అనుమానించాలి.

అప్పుడైనా ముందు ఇంజను ఆపి, చల్లారనిచ్చి, ఇందుకోసమే అమ్మే ద్రవం చిమ్మి తీగను కడగాలి. వేలు గాని, గుడ్డ గాని తగిలితే తీగ తెగుతుంది. పూర్తిగా ఆరాక బిగించి చూడాలి. అప్పటికీ గుణం లేకపోతేనే కొత్తది. వైరు క్లిప్పు ఊడదీసి, మరలు విప్పి, ఆ కారుకు సరిపడే సెన్సర్‌నే పెట్టాలి. దానిమీది బాణం గాలి పోయేవైపే ఉండాలి. చిరిగిన ఫిల్టరును అట్లాగే వదిలితే కొత్త సెన్సర్‌కూ అదే గతి!

మీరొక ప్రయోగం చెయ్యండి. అమ్మగారిచేత రెండు గ్లాసుల్లో సమానంగా వేడినీళ్ళు పోయించండి. రెంటికీ మూతలు పెట్టి, ఒకదానికి మందపాటి గుడ్డ చుట్టి, రెంటినీ ఫ్యాను కింద పెట్టండి. ఏది ముందు చల్లారిందో చూస్తే దుమ్ము పట్టిన తీగ ఎందుకు అబద్ధమాడిందో మీకే తెలుస్తుంది.