గురువును ప్రశ్నించిన తరాలు

శాస్త్రాభివృద్ధికి శిష్యుల విధేయత ఒక్కటే చాలదని మా అభిప్రాయం. హాలెండులోని సమాజశాస్త్ర చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

ఆమ్‌స్టర్‌డామ్ ఆచార్యులు స్టైన్‌మెట్స్, ప్రజల బ్రతుకును ఉన్నదున్నట్లు వర్ణించవలెనని బోధించి, 1913లో ఆ పద్ధతికి ‘సోషియోగ్రఫీ’ అని పేరు పెట్టారు. వారి శిష్యులు టెర్ వేన్, 1852 నాటికి నీరు తోడివేసిన హార్లెమ్మెర్‌మేర్ సరస్సు భూములలో తొలి వలస రైతులు పడిన పాట్లను పరిశోధించి 1925లో గ్రంథం వెలువరించారు. 1930లో సముద్రం నుండి వెలికితీసిన వీరింగర్‌మేర్‌కు రైతులను ఏరి పంపడం వెనుక ఈ ఆలోచనే ఉన్నది.

యుద్ధానంతర తరానికి వర్ణన చాలలేదు. వాన్ డోర్న్, లామెర్స్‌లు 1959లో ‘ఆధునిక సమాజశాస్త్రం’ అను గ్రంథం రచించి భావనలకు పెద్దపీట వేశారు. తరువాత హౌడ్స్‌బ్లోమ్, నోర్బెర్ట్ ఎలియాస్ బాటలో నడచి, సమాజాన్ని శతాబ్దాల ప్రవాహంగా చూడమన్నారు. ఉట్రెఖ్ట్‌లో విప్లర్ ప్రతి ఊహనూ పరీక్షకు నిలపమన్నారు.

ఇట్లు ప్రతి తరమూ ముందుతరం లోపాన్ని ఎంచింది. అది అపచారమని మేము తలపము. కాని సామాన్యుని కష్టాన్ని ఓపికగా గమనించిన తొలితరం దృష్టిని విడిచినచో, ఎంతటి సిద్ధాంతమైనా గాలిమేడయే. గురువును ప్రశ్నించుట శిష్యుని హక్కు. గురువు కూర్చిన ధనాన్ని కాపాడుట అతని బాధ్యత. మన విద్యార్థులు ఈ రెండింటినీ అలవరచుకొందురు గాక!