వైద్యుని చీటీ, మనిషి మాట

కృష్ణదేవిపేట పేరు చెప్పగానే ఆంధ్రదేశమున బడిపిల్లలకు సయితము అల్లూరి సీతారామరాజు సమాధి జ్ఞప్తికి వచ్చును. 1922 ఆగస్టు 23వ తేదీన ఆయన అనుచరులతో వచ్చి ఆయుధములు పట్టుకొనిపోయిన పోలీసు ఠాణా ఈ ఊరిదే. 1924 మే నెలలో ఆయన దేహమును తెచ్చి దహనము చేసినదియు ఇచ్చటనే. ఆ చితిలో కాలినది నిజముగా రాజుగారేనా యను శంక ఏండ్ల తరబడి జనులలో నిలిచినది. సర్కారు కాగితము ఒకటి చెప్పినది. జనులు మరియొకటి చెప్పుకొనిరి. కనుక, ఒక మనిషి యెవరో నిశ్చయించుటకు కాగితమునకు ఎంత అధికారము కలదను ప్రశ్న ఈ ఊరికి క్రొత్తది కాదు. ఈనాడు ఆ ప్రశ్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయమున వేరొక రూపమున వినబడుచున్నది. పుట్టిననాడు ఇతరులు వ్రాయించిన లింగము తనది కాదని చెప్పు వ్యక్తికి, ఆ మాట నిజమేనని మానసిక వైద్యుడు వ్రాసి యిచ్చిన చీటీ కావలెనా?

మొదట ఒక చిక్కు విప్పుకొనవలెను. ఈ చీటీలు రెండు విధములు. ఒకటి చికిత్సకు సంబంధించినది. హార్మోను మందులు ఇచ్చు వైద్యుడుగాని, శస్త్రము చేయు వైద్యుడుగాని, తన కడకు వచ్చిన వ్యక్తి జరుగబోవునది తెలిసియే సమ్మతించుచున్నదా యని మరియొక నిపుణుని అభిప్రాయము కోరుట కలదు. ఇందుకై ఒక అంతర్జాతీయ వైద్యసంఘము 1979 నుండి ప్రమాణములను ప్రకటించుచున్నది. ఏడవ కూర్పు జననేంద్రియ శస్త్రచికిత్సకు రెండు లేఖలు ఉండవలెననగా, 2022 నాటి ఎనిమిదవ కూర్పు ఒకటి చాలునన్నది. కత్తి పట్టువాడు మరియొకరి మాట వినుట తప్పు కాదు; ఎన్ని లేఖలు కావలెనో వైద్యులు తమలో తాము తేల్చుకొనవచ్చును. రెండవ చీటీ వేరు. అందు మందు లేదు, శస్త్రము లేదు. రేషను కార్డులో, బడి రిజిస్టరులో, ఆధారులో పేరు ప్రక్కన ఒక మాట మార్చి వ్రాయుటకు వైద్యుని సాక్ష్యము కోరుట అది. ఈ రెంటిని కలిపివేయుటవలననే చర్చ చాలవరకు దారి తప్పుచున్నది.

అంగవైకల్యమునకు సదరము శిబిరమున వైద్యుల ధ్రువపత్రము అడుగుచున్నారు గదా, దీనికి మాత్రము ఏల అడుగరాదని కొందరనుచుందురు. చెవిని దాటిపోనీయదగిన ప్రశ్న కాదిది. కాని చూపు మందగించినదా లేదా యని తేల్చుటకు అక్షరముల అట్ట యున్నది, వినికిడికి యంత్రమున్నది, విరిగిన ఎముకకు ఎక్స్‌రే యున్నది. తాను స్త్రీయో పురుషుడో, ఆ రెండును కాదో అను లోని ఎఱుకను కొలుచు సాధనము ఏ ఆసుపత్రిలో నున్నది? అచ్చట వైద్యుడు చేయునది ఎదుట కూర్చున్న వ్యక్తిని అడుగుట, చెప్పినది వినుట, దానిని కాగితముపై పెట్టుట. తుదకు ఆ చీటీలో నున్నది ఆ వ్యక్తి మాటయే. దానిపై ఆసుపత్రి ముద్ర పడినది, అంతియే.

ముద్ర కొరకు మాటయే మారిపోవుటయు కలదు. అమెరికాలో హారీ బెంజమిన్ అను వైద్యుడు 1966లో ఈ విషయముపై ఒక గ్రంథము ప్రకటించెను. ఆ తరువాత అచ్చటి చికిత్సాలయములకు వచ్చువారు ఆ గ్రంథమును చదివి, అందున్న వృత్తాంతములవలెనే తమ బాల్యమును చెప్పుచున్నారని వైద్యులే గుర్తించిరి. వైద్యుడు ఏ కథ విన్నచో చీటీ ఇచ్చునో ఆ కథయే అతనికి వినిపించిరన్నమాట. ఇందు వారిని నిందించి ప్రయోజనము లేదు. ద్వారమువద్ద తాళపుచెవి పట్టుకొని కూర్చున్నవానితో ఎవడును తన సందేహములను, దిగులును విప్పి చెప్పుకొనడు. ట్రాన్స్‌జెండర్ యువజనులలో పలువురు ఇంటివారి తిరస్కారమువలన, వీధిలోని హేళనవలన నలిగియుందురు. మానసిక వైద్యుని తోడు వారికి ఎంతయో అవసరము. ఆ వైద్యునే పరీక్షాధికారిగా చేసినచో వారు ఆ తోడును పోగొట్టుకొందురు.

మన దేశమున ఈ చీటీ ఎన్నిమార్లు వచ్చి ఎన్నిమార్లు పోయినదో చూచిన ఆశ్చర్యము కలుగును. జాతీయ న్యాయసేవల అధికార సంస్థ వేసిన వ్యాజ్యములో 2014 ఏప్రిల్ 15న సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పుచు, తన లింగమేదో తాను నిర్ణయించుకొను హక్కు వ్యక్తికి కలదనియు, అందుకు శస్త్రచికిత్స చేయించుకొని రమ్మని నిర్బంధించుట చట్టవిరుద్ధమనియు ప్రకటించినది. న్యాయమూర్తులు రాధాకృష్ణన్, సిక్రీ ఆ తీర్పులో 1970 నాటి ఒక ఇంగ్లీషు తీర్పును త్రోసిపుచ్చిరి. శరీర లక్షణములే లింగమును నిర్ణయించునని ఆ ఇంగ్లీషు తీర్పు సారాంశము. దేహపరీక్షకంటె మనఃపరీక్షయే మేలని వీరనిరి. మనస్సు చెప్పినదే ప్రమాణమని అందలి భావము. కాని పరీక్ష యను మాట వినగానే అధికారులకు పరీక్షించువాడు ఎవడను ఆలోచన పుట్టును. ఒక సమాసము రెండు విధములుగా విగ్రహము చెప్పుటకు వీలిచ్చిన ఎంత పని జరుగునో భాషోపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు.

2016లో లోకసభలో ప్రవేశపెట్టిన బిల్లు ప్రతి జిల్లాకును ఒక పరిశీలక సంఘమును తలపెట్టినది. అందు ప్రధాన వైద్యాధికారి యుండును. మానసిక నిపుణుడును ఉండును. దేశమంతట నిరసన చెలరేగినది. 2019 చట్టములో ఆ సంఘము తీసివేయబడినది. జిల్లా మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకొనవలెనని వ్రాసిరి. చట్టము 2020 జనవరి 10న అమలులోనికి వచ్చినది. ఆ ఏప్రిల్‌లో నియమావళి ముసాయిదా వెలువడగా, దరఖాస్తుతోపాటు మనస్తత్వ నిపుణుని నివేదిక జతపరుపవలెనని అందు కనబడినది! వాకిట వెళ్ళగొట్టిన చీటీ దొడ్డిదారిన మరల లోనికి వచ్చినది. మరల అభ్యంతరములు, మరల తొలగింపు. 2020 సెప్టెంబరులో ప్రకటించిన తుది నియమావళి, ప్రమాణపత్రమును ఆధారముగా గొని, వైద్యపరీక్షగాని దేహపరీక్షగాని లేకుండ, ముప్పది దినములలో ధ్రువపత్రము ఇయ్యవలెననినది. అయినను స్త్రీ యనియో పురుషుడనియో మార్పించుకొనగోరువారికి చట్టములోని ఏడవ విభాగము ఆసుపత్రి అధికారి పత్రమును నిలిపియే యుంచినది. అనగా 2020 నియమావళి ప్రకారము ట్రాన్స్‌జెండర్ అని చెప్పుకొనుటకు తన మాట చాలినది, స్త్రీనని చెప్పుకొనుటకు చాలలేదు. 2014 తీర్పుతో ఇది పొసగదని విమర్శకులు అన్నది సహేతుకమే.

ఇవి ఢిల్లీ మాటలు. కృష్ణదేవిపేటనుండి చూచిన ఇవి ఎట్లుండును? ఆ ఊర కూలికి పోవు పందొమ్మిదేండ్ల యువతి యొకతె యున్నదనుకొందము. పుట్టినపుడు మగబిడ్డయని వ్రాసిరి, తాను ఆడపిల్లనని ఆమెకు తెలియును. 2020 నియమావళి కోరినంతవరకు ఆమెకు కావలసినది ప్రమాణపత్రము, దరఖాస్తు. 2022లో జిల్లాలు విడిపోయిన పిమ్మట కలెక్టరు కచ్చేరి అనకాపల్లికి వచ్చినది. ఆ దూరము కొంత తగ్గినది. అదే మానసిక నిపుణుని చీటీ యనిన, నర్సీపట్నము మీదుగా సుమారు నూరు కిలోమీటర్లు పోయి విశాఖపట్నమున వాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల వాకిట నిలువవలెను. దేశమున లక్షమందికి ఒక్క మానసిక వైద్యుడైనను లేడు. ఒక్క దర్శనముతో చీటీ చేతికి వచ్చునను నమ్మకమును లేదు. ఎన్ని దినముల కూలి, ఎన్ని బస్సు టిక్కెట్లు! ఆ ఆసుపత్రికి పోయివచ్చినదన్న మాట ఊరిలో పొక్కినచో పిచ్చిదను పేరు అదనము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఆమోదించి, 2022 నుండి అమలుపరచిన వ్యాధుల పట్టికలో ఈ స్థితిని మానసిక రుగ్మతల శీర్షికనుండి తొలగించినది. రుగ్మత కానిదానికి ఆ వైద్యుని చీటీ ఏల?

మోసము జరుగదా యని అడుగువారున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పింఛను 2024లో మూడువేల నుండి నాలుగువేల రూపాయలైనది. ఆ సొమ్ముకై ఎవరైన అబద్ధమాడవచ్చునని శంక. ఆడవచ్చును. అబద్ధపు ప్రమాణపత్రము శిక్షార్హమైన నేరము. ఆ అడ్డు ముందే కలదు. మేజిస్ట్రేటు ఎదుట అబద్ధమాడ తెగించినవాడు వైద్యుని ఎదుట నిజము చెప్పునను ఆశ యెక్కడిది? పైగా, ఆ పత్రము చేత పుచ్చుకొన్నవారికి మన సమాజమున పింఛనుతోపాటు లభించునవి అద్దె యిల్లు దొరకకపోవుట, పని దొరకకపోవుట. నాలుగువేలకు ఆ బ్రతుకును అరువు తెచ్చుకొనువారు ఎందరుందురో ఊహింపవచ్చును. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'ఇతరులు' అని నమోదైనవారు 43,769 మంది. చెప్పుకొనుటకు జంకినవారు లెక్కకు రాలేదు గనుక అసలు సంఖ్య పెద్దదే యగును.

చీటీని కోరుకొన్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తులును చరిత్రలో కలరు. బెర్లిన్ నగరమున 1910 ప్రాంతమున మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అను వైద్యుడు అభిప్రాయము వ్రాసి యియ్యగా, దానిని చూచి పోలీసులు ఒక అనుమతి పత్రము ఇచ్చెడివారు. వీధిలో స్త్రీవేషమున పోవుచు పట్టుబడినవారు దానిని చూపి బయటపడెడివారు. రాత్రివేళ బస్టాండులో పోలీసు ఆపినపుడు చూపుటకు ఏదో ఒక కాగితము ఉండిన బాగుండునని ఈనాడును అనుకొనువారి మాటను తేలికగా కొట్టివేయరాదు. కాని హిర్ష్‌ఫెల్డ్ 1919లో నెలకొల్పిన సంస్థను 1933 మే నెలలో నాజీ విద్యార్థులు కొల్లగొట్టి, గ్రంథములను నడివీధిలో తగులబెట్టిరి. రక్షణకై ఇచ్చిన కాగితమునకు ప్రభుత్వము మంచిదైనంతవరకే విలువ. మన గడ్డపైనను పట్టికల అనుభవము కలదు. హైదరాబాదు రాజ్యమున 1329 ఫసలీ, అనగా 1919 నాటి చట్టము నపుంసకులను రిజిస్టరులో ఎక్కించి, వారంటు లేకయే పట్టుకొను అధికారమును పోలీసులకు ఇచ్చినది. తెలంగాణ ఉన్నత న్యాయస్థానము 2023 జూలైలో దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేయువరకు అది పుస్తకములో నిలిచియే యుండెను.

ఇతర దేశముల నడక ఒక్కరీతిగా లేదు. అర్జెంటీనా 2012లోనే వైద్యుని ప్రమేయము లేకుండ మార్పునకు వీలు కల్పించినది. బ్రిటనులో 2004 చట్టము రెండు వైద్య నివేదికలు కోరినది. జర్మనీలో 1980 చట్టము ఇద్దరు నిపుణుల అభిప్రాయములను కోరగా, 2024 నవంబరు 1న అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టము వ్యక్తి ప్రకటనయే చాలునన్నది. మన ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము 2025 జూన్‌లో ఒక వరకట్న వేధింపు వ్యాజ్యమున, బిడ్డలను కనలేదు గనుక ట్రాన్స్ మహిళ స్త్రీ కాదను వాదమును అంగీకరింపలేదు. ఆ వ్యాజ్యమే సాక్ష్యము చాలక పోయినది. న్యాయసూత్రము మాత్రము మిగిలినది.

బడులకు సంబంధించిన భాగము ఒకటి కలదు. 2020 నియమావళి, ధ్రువపత్రము చూపి కోరినచో పదునైదు దినములలో సవరింపవలసిన పత్రముల పట్టికలో, కుల ధ్రువపత్రముతోను ఆధారుతోను పాటు, బడులు, బోర్డులు, విశ్వవిద్యాలయములు ఇచ్చు విద్యాపత్రములను చేర్చినది. వైద్యుని చీటీ తెమ్మని ప్రధానోపాధ్యాయుడు అడుగవలెనని అందు ఎచ్చటను లేదు. కాని పదునెనిమిదేండ్లు నిండనివారి పక్షమున తల్లిదండ్రులుగాని సంరక్షకులుగాని దరఖాస్తు పెట్టవలెనని 2019 చట్టము చెప్పినది. ఇంటివారు ఒప్పుకొనని బిడ్డకు ఆ ద్వారమును మూసియే యుండును. పదవ తరగతి పత్రము అంతకు ముందే, పదునైదు పదునారేండ్ల ప్రాయమున, పాత పేరుతో అచ్చయి చేతికి వచ్చును. ఆ విద్యార్థి కళాశాలలో చేరునపుడును, మొదటి కొలువునకు దరఖాస్తు పెట్టునపుడును ఆ పత్రమునే ముందుగా అడుగుదురు.