టీషర్టుల వ్యాపారము - తల్లి గాజులు



ఈ నెల మాకు అందిన ఉత్తరములలో పశ్చిమ గోదావరి జిల్లా నుండి ఒక సహోదరి వ్రాసినది ఉన్నది. తన పేరు, ఊరు ప్రచురించవద్దని కోరారు. ఆమె కుమారుడు బి.టెక్. ముగించి రెండు సంవత్సరములైనది. ఉద్యోగము దొరకలేదు. ఇప్పుడు టీషర్టుల మీద బొమ్మలు, వాక్యములు ముద్రించి ఆన్‌లైనులో అమ్ముతానంటున్నాడు. ముద్రించే యంత్రమునకు, 300 చొక్కాల సరుకునకు కలిపి 1 లక్షా 20 వేల రూపాయలు కావాలట. తండ్రి వద్దన్నారు. నెల రోజులుగా తండ్రీ కొడుకుల మధ్య మాటలు లేవు. ఆ తల్లి దగ్గర మిగిలినవి రెండు జతల గాజులు. వాటిని తాకట్టు పెట్టవచ్చునా, ఇది దేవుని చిత్తమేనా, ప్రార్థించి వ్రాయండి అని ఆమె అడిగారు.

అమ్మా, ప్రార్థించాము. తరువాత కాగితము, పెన్సిలు తీసుకొని లెక్క కూడా వేశాము. గోపురము కట్టదలచినవాడు ముందుగా ఖర్చు చూచుకొనాలని ప్రభువే చెప్పిన సంగతి లూకా సువార్త 14వ అధ్యాయములో ఉన్నది గనుక, లెక్క వేయుట అవిశ్వాసమని మేము అనుకొనము.

ముందుగా ఒక మాట. వ్యాపారము మీ కుమారునికి తగదని మేము చెప్పబోవడము లేదు. ఫిలిప్పీలో పౌలును చేర్చుకొన్న లూదియ ఊదారంగు బట్టలమ్మిన స్త్రీ. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల అనువారితో కలిసి పౌలు డేరాలు కుట్టాడు. సామెతలు 31లోని గుణవతి నారబట్టలు నేయించి వర్తకులకు అమ్మింది. అయినను మన సంఘములలో ఒక అలవాటు ఉన్నది. సాఫ్ట్‌వేరు ఉద్యోగము వచ్చినవానిని పిలిచి సాక్ష్యము చెప్పిస్తాము. కిరాణా కొట్టు పెట్టి నలుగురికి జీతమిచ్చేవానిని మాత్రము కానుకల సమయములోనే జ్ఞాపకము చేసుకొంటాము. ఇది సరి కాదు.

ఇక చొక్కాల సంగతికి వద్దాము. మన దేశములో ఇటువంటి అల్లిక బట్టలకు పెట్టింది పేరు తమిళనాడులోని తిరుప్పూరు. సాదా చొక్కాలు అక్కడి నుండి దేశమంతటికి వస్తాయి. గుడ్డ మందమును జి.ఎస్.ఎం. అనే కొలతతో చెబుతారు, అనగా చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు అని. మామూలుగా ధరించే చొక్కాకు 180 జి.ఎస్.ఎం. నూలు గుడ్డ సరిపోతుంది. దాని మీద ముద్రించే పద్ధతులు ముఖ్యముగా మూడు. ఒకటి స్క్రీన్ ప్రింటింగ్. ప్రతి రంగునకు ఒక తెర తయారు చేయాలి గనుక ఒకే బొమ్మను యాభై, వంద చొక్కాల మీద వేసినప్పుడే గిట్టుబాటు. రెండవది డి.టి.జి., యంత్రము నేరుగా నూలు గుడ్డ మీదనే సిరా చల్లుతుంది. మూడవది డి.టి.ఎఫ్., బొమ్మను ఫిల్ము మీద అచ్చువేసి, జిగురుపొడి చల్లి, వేడి యంత్రముతో గుడ్డకు అదుముతారు. చివరి రెండు పద్ధతులలో ఒక్క చొక్కా అయినా వేయవచ్చును.

ఇక్కడ మీ కుమారుడు గమనించవలసినది ఒకటి ఉన్నది. ఒక్క చొక్కా అయినా ముద్రించి ఇచ్చేవారు పట్టణములలో ఉండగా, తిరుప్పూరువంటి చోట్ల ఆర్డరు వచ్చిన తరువాతనే ముద్రించి, మన పేరుతోనే కొనుగోలుదారుని ఇంటికి పంపే సంస్థలు కూడా ఉండగా, మొదటి రోజుననే యంత్రము ఎందుకు? యంత్రము వచ్చినంత మాత్రమున కొనేవారు రారు. కొనేవారు వచ్చిన తరువాత యంత్రము ఎప్పుడైనా వస్తుంది.

ఇప్పుడు లెక్క. ఈ అంకెలు ఊరిని బట్టి, నెలను బట్టి మారుతాయి. మాదిరి కొరకు మాత్రమే వ్రాస్తున్నాము. చొక్కా అమ్మకపు ధర 499 రూపాయలనుకొందాము. చొక్కా, ముద్రణ కలిపి 250. కొరియరు 70. సంచి, చీటీ 10. డబ్బు చేరవేసే సంస్థకు 12. ఒక్క ఆర్డరు రావడానికి ఫేసుబుక్కు, ఇన్‌స్టాగ్రాములలో ప్రకటన ఖర్చు 80. ధరలో కలిసియున్న జి.ఎస్.టి. 24. మొత్తము 446. మిగిలినది 53 రూపాయలు. (కొన్న సరుకు మీద కట్టిన పన్నులో కొంత తిరిగి జమ చేసుకొనే వీలున్నది, దానిని ఇక్కడ చేర్చలేదు.) 250కి తయారైన వస్తువును 499కి అమ్మితే సగము లాభమని వీడియోలలో చెప్పేవారు ఈ మధ్యనున్న వరుసలను చదివి వినిపించరు.

ఇంకను లెక్క ముగియలేదు. మనవారిలో చాలామందికి సరుకు చేతికి వచ్చిన తరువాతనే డబ్బు ఇవ్వడము అలవాటు. నచ్చక కొందరు, ఇంట లేక కొందరు, అసలు ఆర్డరు పెట్టిన సంగతే మరచి కొందరు పొట్లమును త్రిప్పి పంపుతారు. 100 పొట్లములలో 20 తిరిగి వచ్చాయనుకొందాము. ఒక్కొక్క దానికి పోవడానికి కొరియరు 70, రావడానికి 60, ప్రకటన 80, సంచి 10, మొత్తము 220 పోయినట్లే. ఇరవైటికి 4,400. అమ్ముడైన 80 చొక్కాల మీద వచ్చినది 4,240. అనగా 100 ఆర్డర్లు వచ్చినందుకు సంతోషించి, నెలంతా నిద్ర మానుకొని, చివరకు 160 రూపాయలు నష్టము! పైగా 5,000 రూపాయల విలువగల 20 చొక్కాలు మంచము క్రింద ఉంటాయి.

ఈ లెక్కను మేము భయపెట్టడానికి వ్రాయలేదు. నష్టము ఏ వరుసలో పుడుతున్నదో తెలిస్తే దానిని సరిచేయవచ్చును. ముందుగా డబ్బు తీసుకొని, తరువాత సరుకు పంపితే త్రిప్పి పంపేవారు బహుగా తగ్గుతారు. ధరను 599 చేసి, గుడ్డ నాణ్యతలో మోసము లేకుండా ఇస్తే, పన్ను, డబ్బు చేరవేసే ఖర్చు కాస్త పెరిగినా చొక్కాకు 140 పైగా మిగులుతుంది. తెలిసినవారు తెలిసినవారికి చెప్పగా వచ్చిన ఆర్డరైతే ప్రకటన ఖర్చు 80 కూడా మిగులుతుంది. మా సంఘ యవ్వనస్థులు 2023లో తమ శిబిరము కొరకు చొక్కాలు వేయించుకొన్నప్పుడు వాట్సాపులోనే పేర్లు, ఛాతీ కొలతలు వ్రాసుకొని, డబ్బు ముందుగా తీసుకొని 64 వేయించారు. ఒక్కటి కూడా మిగులలేదు. అంతకంటె పెద్ద వ్యాపార రహస్యము మాకు తెలియదు.

పెద్దవారు కూడా ఇదే చేశారు. అమెరికాలోని షికాగోలో 2000 సంవత్సరములో జేక్ నికెల్, జేకబ్ డెహార్ట్ అను ఇద్దరు యువకులు 1,000 డాలర్లతో త్రెడ్‌లెస్ అనే సంస్థను మొదలుపెట్టారు. బొమ్మలను జనులే పంపేవారు, జనులే వాటికి మార్కులు వేసేవారు. ఎక్కువ మందికి నచ్చినదానినే చొక్కా మీద వేసేవారు. అడిగి తెలిసికొన్న తరువాతనే ముద్రణ. మన దేశములో 2012లో ఐ.ఐ.టి. బొంబాయిలో చదివిన ఇద్దరు మొదలుపెట్టిన బేవకూఫ్ కూడా టీషర్టులతోనే ఎదిగినది. ఆ హిందీ మాటకు తెలివితక్కువవాడని అర్థము. పేరు అటువంటిదైనా లెక్కలు తెలివిగలవే అయియుండాలి!

పన్ను విషయము దాచకూడదు. 22 సెప్టెంబరు 2025 నుండి 2,500 రూపాయల వరకు ధరగల చొక్కా మీద జి.ఎస్.టి. 5 శాతము. చిన్న వ్యాపారికి 1 అక్టోబరు 2023 నుండి ఒక సడలింపు ఉన్నది. తన రాష్ట్రములోనే అమ్ముకొనేటట్లయితే, పెద్ద ఆన్‌లైను అంగళ్లలో పూర్తి రిజిస్ట్రేషను లేకుండా నమోదు సంఖ్యతో అమ్మవచ్చును. కాని చొక్కాను రాష్ట్రము దాటించాలంటే రిజిస్ట్రేషను తప్పదు. మొదటి నెలలోనే ఒక ఆడిటరును కలవమనండి. కైసరువి కైసరుకు చెల్లించే సంగతి మనకు తెలిసినదే.

ఇక బొమ్మలు. సినిమా హీరోల ముఖములు, క్రికెట్టు జట్ల గుర్తులు, ఇంటర్నెట్టులో దొరికిన చిత్రములు తీసి ముద్రించి అమ్మేవారు అనేకులు. అది ఇతరుల సొత్తు. 1957 నాటి కాపీరైటు చట్టము, 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము అవి ఎవరివో వారికే కాపాడుతున్నవి. క్రైస్తవ పాటలోని చరణమును ముద్రించినా ఆ రచయితను అడగాలి. బైబిలు వచనము వేస్తే ఏ అనువాదమో చూచి, ప్రచురించినవారి అనుమతి కోరాలి. "ప్రభువు పని గదా, ఎవరు అడుగుతారు?" అనేవారిని మేము విన్నాము. ప్రభువు పని అయితే మరీ అడిగి చేయాలి.

చవుక కొరకు వెదకేటప్పుడు కూడా కొంచెము ఆలోచించండి. తిరుప్పూరు రంగుల నీళ్లతో నొయ్యల్ నది పాడైనందున, 2011లో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకపు పరిశ్రమలను మూయించవలసి వచ్చినది. నూలు మిల్లులలో పెండ్లి ఖర్చు ఆశ చూపి ఆడపిల్లలను సంవత్సరముల తరబడి పని చేయించిన సంగతులు కూడా వెలుగులోనికి వచ్చాయి. అందరికంటె 40 రూపాయలు తక్కువకు ఎవరైనా చొక్కా ఇస్తుంటే, ఆ 40 రూపాయలు ఎవరి కూలిలో నుండి తగ్గినవో అడగడము మన పనే. యాకోబు పత్రిక 5వ అధ్యాయము చదివినవారికి ఇది క్రొత్త సంగతి కాదు.

మీ ఉత్తరములో చివరి పుటలో, వాక్యపు చొక్కాలను మా సంఘములో వేదిక మీద నుండి ప్రకటిస్తారా అని మీ కుమారుడు అడిగినట్లు వ్రాశారు. ప్రకటించము, అమ్మా. కోపము తెచ్చుకొనవద్దని చెప్పండి. వేదిక మీద నుండి చెబితే సంఘములోని పేద విధవరాలు కూడా కొనకపోతే తప్పేమోనని కొంటుంది. అటువంటి 599 రూపాయలు మీ కుమారుని పెట్టెలో పడకూడదు. ఆరాధన అయిన తరువాత ఆవరణలో ఒక బల్ల వేసుకొంటే, కావలసినవారు వచ్చి చూస్తారు. బాగుంటే మేము కూడా ఒకటి కొంటాము, డబ్బు ఇచ్చియే.

గాజుల మాటకు మా జవాబు: ఇప్పుడు తాకట్టు పెట్టవద్దు. అమ్ముడు కాని సరుకునకు వడ్డీ ఆగదు. ఫోనులో అయిదు నిమిషములలో అప్పు ఇచ్చే యాప్‌ల జోలికి అసలు పోవద్దు. రెండు బొమ్మలు, 20 చొక్కాలు, 5,000 రూపాయలతో మొదలుపెట్టమనండి. ఆ 5,000 కూడా సాయంత్రము పిల్లలకు లెక్కలు చెప్పి తానే సంపాదించుకొనగలడు. మూడు నెలలు చూడండి. ఆర్డర్లు ముందుగా డబ్బుతో వస్తూ, చేతిలో ఏదైనా మిగులుతుంటే, అప్పుడు ప్రధానమంత్రి ముద్రా యోజన ఉన్నది. 2015లో మొదలైన ఆ పథకములో శిశు విభాగము క్రింద 50,000 రూపాయల వరకు తాకట్టు లేకుండా బ్యాంకులు అప్పు ఇస్తాయి. అది కూడా అప్పేనని మరువకూడదు. మూడు నెలలలో 20 చొక్కాలు కదలకపోతే పోయినది 5,000. మీ గాజులు మీ చేతికే ఉంటాయి.

మీ భర్తగారు ఇరవై సంవత్సరములు రైసు మిల్లులో లెక్కలు వ్రాశారని మీరు ఒక్క మాటలో వ్రాసి వదలివేశారు. మాకు ఆ మాట దగ్గర ఆగవలసి వచ్చినది. ఖర్చుల పుస్తకమును ఆయన చేతికి ఇచ్చి, "నాన్నగారూ, ఇది మీరు చూడాలి" అని అడగమని బాబుతో చెప్పండి. ఆయన వద్దన్నది వ్యాపారమునో, లెక్క లేని వ్యాపారమునో అప్పుడు తెలుస్తుంది.

మరొక సంగతి. తెలుగు అక్షరములు ముద్రించేటప్పుడు బహు జాగ్రత్త అవసరము. డి.టి.పి. పనివారు చాలామంది ఇప్పటికిని అను ఫాంట్లు వాడుతారు. అవి వేరొక కంప్యూటరులో తెరిస్తే తెలుగు పోయి పిచ్చి ఇంగ్లీషు అక్షరములు వస్తాయి. యూనికోడు వాడినా, కొన్ని బొమ్మల సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు అక్షరము క్రిందికి చేరక విడిపోతాయి. మా యవ్వనస్థుల చొక్కాలకు మొదట వచ్చిన నమూనాలో 'విశ్వాసము' అనే మాటలో వకారపు ఒత్తు ఊడి, పొల్లు ప్రక్కన నిలబడినది. నమూనా అడిగి తీసుకొన్నందున ఒక్క చొక్కాతో పోయినది. అందుచేత అక్షరములను బొమ్మగా మార్చియే ముద్రణకు పంపాలి, ఒక నమూనా వేయించి నాలుగైదు సార్లు ఉతికి చూడాలి, ముద్రించినదానిని తెలుగు బాగా వచ్చినవారు చదవాలి. మీ కుమారుడు ఇంగ్లీషు మీడియములో చదివాడని వ్రాశారు. మీరు వ్రాసిన నాలుగు పుటల ఉత్తరములో మాకు ఒక్క అక్షరదోషము కనబడలేదు. ఆ నమూనాలు మీరే చదివి దిద్దండి, అమ్మా.